ఆధారం

తెలుగులో మొదటి కథ ఏది? డిగ్రీ పరీక్షల్లో ఇది ఒక్క మార్కు ప్రశ్న. 'దిద్దుబాటు' అని రాస్తే ఆ మార్కు పడిపోతుంది. రచయిత పేరు కూడా రాసేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోవచ్చు. ఇంత చిన్న జవాబు వెనక ఎంత పెద్ద నిర్ణయం ఉందో, ఆ నిర్ణయం ఎవరు చేశారో, దేన్ని ఆధారం చేసుకుని చేశారో అడిగే వ్యవధి పరీక్ష హాల్లో ఉండదు. క్లాసులోనూ ఉండదు. సిలబస్ పూర్తి చెయ్యాలి కదా!

గురజాడ అప్పారావు గారి 'దిద్దుబాటు' 1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి' 1902 నవంబరులో 'హిందూసుందరి'లో వచ్చింది. మధ్యలో ఏడేళ్ల మూడు నెలలు. ఈ పేజీలు చదివే మీలో ఎవరికీ ఇది కొత్త సంగతి కాదు. మన సభల్లో, సెమినార్లలో ఎన్నిసార్లు చెప్పుకున్నామో! 2010లో తెలుగు కథకి నూరేళ్ల పండగ జరిగినప్పుడు కూడా మనలో చాలామందికి గుర్తొచ్చింది ఈ ఏడేళ్ల మూడు నెలలే. అయితే మనం చెప్పుకుని చెప్పుకుని అరగదీసిన ఈ సంగతి, ఒక మామిడి తోటల ఊళ్లో, ఇంట్లో మొదటిసారి డిగ్రీకి వచ్చిన పిల్ల చేతికి దొరికితే ఏమవుతుంది? పోయినేడు నూజివీడులో నేను దగ్గరుండి చూశాను. దాని గురించే ఈ నాలుగు మాటలు.

నేను ఇక్కడ ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని. తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. ఉంది, ఉద్యోగానికి మాత్రం ఏడాది ఏడాదికీ కొత్త ఆర్డరు రావాలి. చివరి సంవత్సరం పిల్లలు ఇంటర్నల్ మార్కుల కోసం పదిహేను పేజీల వ్యాసం ఒకటి రాయాలి. మామూలుగా ఇది ఎలా జరుగుతుందో మీకు తెలుసు. సీనియర్ల వ్యాసం ఒకటి తెచ్చుకుని, పేరు మార్చి, డి.టి.పి. చేయించి, స్పైరల్ బైండింగ్ వేయించి ఇచ్చేస్తారు. అట్ట మీద సరస్వతీదేవి బొమ్మ ఉంటుంది. లోపల 'ఈ మహాకవి తెలుగు సాహితీ వినీలాకాశంలో ధ్రువతార' అన్న వాక్యం ఉంటుంది. ఏ కవి మీద రాసినా అదే వాక్యం.

ఈ అమ్మాయి కూడా 'తొలి తెలుగు కథ దిద్దుబాటు - ఒక పరిశీలన' అన్న శీర్షికతోనే వచ్చింది. నేను వద్దనలేదు. 'ధనత్రయోదశి' కాపీ ఒకటి చేతిలో పెట్టి, ముందు ఈ రెండూ చదువు, ఎవరి విమర్శా చదవకుండా చదువు, చదివాక నీకేం తోచిందో ఒక పేజీలో రాసి తీసుకురా అన్నాను. వారం తర్వాత ఖాళీ చేతులతో వచ్చింది. "మేడమ్, నాకేం తోచిందో రాస్తే మార్కులు వేస్తారా?" అనడిగింది.

ఆ ప్రశ్నలో పదిహేనేళ్ల చదువు ఉంది. ఒకటో తరగతి నుంచీ ఆ పిల్లని ఎవరూ నీకేం తోచిందని అడగలేదు. ఆడపిల్లకి తోచడమే తప్పయిన ఇళ్లు కొన్ని, తోచినా బయటికి అనకూడని ఇళ్లు కొన్ని. బడి కూడా ఆ ఇళ్లలాగే నడిచింది.

అచ్చమాంబ ఎవరని అడిగితే నేను ముందుగా ఊరి పేరు చెప్పాను. పెనుగంచిప్రోలు. పిల్ల మొహం విచ్చుకుంది. "మేం ఏటా తిరుపతమ్మ తిరునాళ్లకి వెళ్తాం మేడమ్!" అంది. అత్తింట్లో అవమానాలు పడి, నిందలు మోసి, చివరికి అగ్నిలో చేరిన తిరుపతమ్మ కథ ఆ పిల్లకి కంఠతా వచ్చు. వాళ్లమ్మ చెబుతుంది, అమ్మమ్మ చెబుతుంది, తిరునాళ్లలో చెబుతారు. అదే ఊళ్లో 1874లో పుట్టిన ఒకామె, చిన్నతనంలోనే పెళ్లయి, బడికి వెళ్లకుండానే, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు పట్టుకుని, హిందీ, మరాఠీ లాంటి భాషలు నేర్చుకుని, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో దేశంలోని స్త్రీల చరిత్రలు రాసి, 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టి, 1905లో ముప్ఫై ఏళ్లకే చనిపోయిందని మాత్రం ఆ పిల్ల ఎన్నడూ వినలేదు. మంటల్లో చేరిన ఆడమనిషి కథ నోటి నుంచి నోటికి చేరింది. కలం పట్టిన ఆడమనిషి కథ చేరడానికి మాత్రం లైబ్రరీ కావాలి, స్కాన్ కాపీ కావాలి, చెప్పేవాళ్లు కావాలి. తిరుపతమ్మ మీద నాకు చిన్నచూపేమీ లేదు. ఆమెను గుర్తు పెట్టుకున్నది కూడా ఆడవాళ్లే. కాని ఏ కథ దానంతటది బతుకుతుంది, ఏ కథని పట్టుకుని బతికించుకోవాలి అన్నది ఆలోచించాల్సిన విషయమే కదా.

'హిందూసుందరి'ని సత్తిరాజు సీతారామయ్య ఏలూరులో మొదలుపెట్టారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడుని కృష్ణా జిల్లాలోంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు. "అయితే ఇప్పుడు అది మన జిల్లా పత్రికే మేడమ్" అని నవ్వింది ఆ అమ్మాయి. సాహిత్య చరిత్ర తన బస్సు రూట్లోనే ఉందని తెలిశాక చదువు మీద కొత్త చనువు వచ్చింది.

తర్వాత అసలు పని మొదలైంది. 'ధనత్రయోదశి'ని మొదటి కథగా ఎందుకు ఒప్పుకోరో వెతకమన్నాను. నోటుబుక్కులో నిలువుగా రెండు గీతలు గీసి మూడు గళ్లు చేసుకుంది. మొదటి గడిలో ఏమన్నారు, రెండో గడిలో ఎవరన్నారు, మూడో గడిలో ఆధారం. గ్రాంథిక భాషలో ఉంది అన్నారు. నీతి బోధిస్తుంది అన్నారు. ఆధునిక కథకుండే నిర్మాణం లేదు అన్నారు. కొంతమంది అసలు ఏమీ అనలేదు, ఆ పేరే ఎత్తకుండా వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి మొదటి రెండు గళ్లూ నిండాయి. మూడోది చాలాచోట్ల ఖాళీ. "అందరికీ తెలిసినదే", "నిర్వివాదాంశం" అన్న మాటలు కనిపించిన చోటల్లా ఆ గడిలో చిన్న సున్నా చుట్టింది. ఆ సున్నాలు చూసి మేమిద్దరం ఎంత నవ్వుకున్నామో!

నవ్వుకున్నా, ఎదుటివాళ్ల వాదాన్ని తేలిక చెయ్యలేదు. వాడుక భాషలో కథ రాయడం 1910లో చిన్న విషయం కాదు. గురజాడ చేసిన పని విలువ ఎవరూ తగ్గించలేరు, తగ్గించనవసరమూ లేదు. అయితే భాషే కొలత అయితే, ఆ మాట పైకి చెప్పాలి. 'వాడుక భాషలో వచ్చిన మొదటి ఆధునిక కథ' అంటే వాదించడానికి వీలుంటుంది. ఉత్తి 'మొదటి కథ' అన్నప్పుడు ఆ విశేషణాలన్నీ ఎక్కడికి పోయాయి? ఇక నీతి సంగతి. 'దిద్దుబాటు' అన్న పేరులోనే దిద్దడం ఉంది! సానిపాటకి మరిగిన గోపాలరావుని కమలిని ఉత్తరం రాసిపెట్టి, మంచం కింద దాక్కుని దిద్దుతుంది. పేదరికంలో, పండగ పూట పరాయి సొమ్ముకు ఆశపడిన భర్తని విజయలక్ష్మి మాటలతో దిద్దుతుంది. రెండు కథల్లోనూ తప్పటడుగు భర్తది, దిద్దే పని భార్యది. ఒకదాంట్లో అది కళ, ఇంకోదాంట్లో అది బోధ ఎలా అయింది?

ఆ అమ్మాయి చివరికి ఇలా రాసింది: మొదటి కథ ఏదో నేను తేల్చలేదు. తేల్చినవాళ్లు ఏ కొలబద్దతో తేల్చారో రాశాను. అచ్చమాంబ 'ధనత్రయోదశి' కన్నా ముందే వేరే కథలు ప్రచురించింది కాబట్టి, ఈ కథని 'మొదటిది' అని పీట మీద కూర్చోబెట్టినా అదే తప్పు మళ్లీ చేసినట్టవుతుంది... డిగ్రీ చదివే పిల్ల రాసిన ఈ మాటలు చదివి నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

పాత పత్రికలు ఎలా ఉంటాయో కళ్లతో చూడాలని పట్టుబట్టింది. ఫోన్లో స్కాన్ పేజీలు పెద్దవి చేసుకుని చదివి చదివి విసుగొచ్చింది పాపం. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచీ ఉన్న గ్రంథాలయం, పాత పత్రికలు జాగ్రత్త చేసిన చోటు, వెళ్లొద్దాం అన్నాను. ఇంట్లో ఒప్పుకోలేదు. పొద్దున్నే హనుమాన్ జంక్షన్ దాకా బస్సు, అక్కణ్ణించి రైలు, రాత్రికి గాని తిరిగి రాలేం. పెళ్లి కావలసిన పిల్ల. చివరికి వాళ్లమ్మ తనూ వస్తానంది. మామిడి పూత మీద ఉన్న రోజులు. కాయ దిగేదాకా ఆమెకి పెద్దగా పని ఉండదు.

ఆమె గురించి చెప్పాలి. వాళ్లు ఊరి చివర కాలనీలో ఉంటారు. సెంటు భూమి లేదు. భర్త తోట కాపలా. ఏప్రిల్‌లో కోతలు మొదలైతే ఆమె పన్నెండుమంది ఆడవాళ్లని పోగుచేసుకుని తోటలకి వెళ్తుంది. మగవాళ్లు చెట్లెక్కి చిక్కాలతో కాయ దింపితే, ఆడవాళ్లు సొన కారిన కాయ తుడిచి, దెబ్బ తగిలినవి ఏరేసి, రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ వేరుచేసి, సైజుల వారీగా గడ్డిలో సర్దుతారు. ముక్కు దగ్గర పట్టుకుని ఏ కాయ ఎన్ని రోజులకి పండుతుందో చెప్పేస్తుందట. సొన పడి చేతుల మీద మచ్చలు. సంతకం చెయ్యడం వరకు వచ్చు.

లైబ్రరీలో మేం పాత సంపుటాలు తిరగేస్తుంటే ఆమె బల్ల దగ్గరే కూర్చుంది. పెళుసెక్కిన కాయితాన్ని కూతురు రెండు చేతులతో తిప్పడం చూస్తూ ఉంది. చాలాసేపటికి, "ఇయ్యన్నీ ఎవరు దాచారు మేడమ్ గారూ?" అంది. ఆ ఊరి చదువుకున్న కుర్రాళ్లు వందేళ్ల కింద మొదలుపెట్టారని చెప్పాను. "దాస్తే ఉంటయ్యి" అంది. అంతే. తిరుగు ప్రయాణంలో రైల్లో కూతురు చెప్పింది, ఆ మాట ఎందుకందో.

వాళ్లింటి వెనక గోడ మీద వాళ్లమ్మ బొగ్గుతో గీతలు గీస్తుంది. పన్నెండుమందికీ పన్నెండు వరసలు. పనికి వెళ్లిన రోజు ఒక గీత. అరపూట చేస్తే సగం గీత. కొన్నేళ్ల కింద సీజను ఆఖర్న కూలి లెక్క చూసుకునేటప్పుడు ఒక గుత్తేదారు పుస్తకంలో, ఈమె గోడ మీద కన్నా అందరివీ కలిపి పంతొమ్మిది రోజులు తక్కువున్నాయి. ఈమె గోడ సంగతి చెప్పింది. "గోడ మీద గీతలు ఎవరైనా గీసుకుంటారు, ఆధారం ఏదీ?" అన్నాడట. పుస్తకంలో రాసుకున్నది కూడా ఎవరైనా రాసుకునేదే. కాని పుస్తకం ఆధారం అయింది, గోడ కాలేదు. పంతొమ్మిది రోజుల కూలి పోయింది. పోయిన డబ్బు కన్నా, నేను తెచ్చిన ఆడవాళ్ల ముందు నన్ను అబద్ధాలకోరుని చేశాడన్నదే ఆమె బాధట.

ఈ సంగతి విన్నాక ఆ అమ్మాయి వ్యాసంలో నేను అంతకుముందు ఆనుకోని ఒక పేరా వచ్చి చేరింది. 'ధనత్రయోదశి'లో పేదవాళ్లు నిజాయితీగా నిలబడితే యజమాని మెచ్చుకోవడంతో కథ సుఖంగా ముగుస్తుంది. మా అమ్మ కూడా నిజాయితీగానే లెక్క చెప్పింది, యజమాని మెచ్చుకోలేదు. అచ్చమాంబకి పేదరికం తెలుసు, దయ గల యజమాని మీద నమ్మకం కూడా ఉంది. ఆ నమ్మకం కూలికి వెళ్లే ఆడవాళ్లకి ఉండదు. 'దిద్దుబాటు'లో నౌకరు రాముడికి మాటలున్నాయి గాని, ఎవరి పాటకి గోపాలరావు వెళ్లాడో ఆ స్త్రీకి ఒక్క మాట లేదు. చదువుకున్న ఇంటి ఇల్లాలే రెండు కథల్లోనూ దిద్దుతుంది, మిగతా ఆడవాళ్లు దిద్దరా? - ఇదీ ఆ పేరా సారాంశం.

అచ్చమాంబని మరిచిపోయారని కోపం తెచ్చుకోవడం మనకి అలవాటే. ఆమెను దొరకబుచ్చుకున్నాక ఆమెతో తగువు పడటం తర్వాతి మెట్టు. ఆ పిల్ల నన్ను దాటి ఆ మెట్టు ఎక్కేసింది.

వ్యాసాలు దిద్దిన పెద్దాయన, మంచివాడే, ఆ పేరా పక్కన పెన్సిల్‌తో నిలువు గీత గీసి 'వ్యక్తిగతం - తీసివేయాలి' అని రాసి తిప్పి పంపారు. అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. తీసేస్తే మార్కులు పెరుగుతాయి. ఎం.ఏ. సీటు కావాలంటే మార్కులు కావాలి. ఈ పిల్లకి చదువు ఆగిపోవడానికి ఒక్క సాకు చాలు. ఉంచమని నేను చెప్పడం తేలిక, దాని ఖరీదు కట్టేది తను. అందుకే ఉంచమనీ అనలేదు, తీసెయ్యమనీ అనలేదు. ఇది నీ వాదానికి అవసరమా, లేక మీ అమ్మ మీద ప్రేమతో రాసుకున్నావా, నువ్వే చూసుకో అన్నాను. ప్రేమతో రాసుకుంటే ముందుమాటలో పెట్టుకోవచ్చు. వాదానికి అవసరమైతే దాని స్థానం వేరు.

మూడు రోజులాగి తెచ్చింది. పేరా తియ్యలేదు. ముందుమాటలోకి మార్చలేదు. గోడని ఫోన్లో ఫొటో తీసి, ప్రింటు వేయించి, వ్యాసం చివర 'ఆధారాలు' అన్న శీర్షిక కింద పుస్తకాల పేర్లు, పత్రికల తేదీల తర్వాత అంటించింది. కింద వాళ్లమ్మ పేరు, ఆ సీజను సంవత్సరం. పాతికకి పదిహేడు మార్కులు వచ్చాయి. సీనియర్ల వ్యాసం కాపీ కొట్టిన వాళ్లకి ఇరవై రెండు.

మనలో చాలామందిమి పిహెచ్.డి. పుస్తకాల్లో 'వ్యక్తిగతమే రాజకీయం' అని రాసి పట్టాలు తెచ్చుకున్నవాళ్లమే. ఆ వాక్యాన్ని ఉటంకిస్తే అది పరిశోధన. కూలివాళ్ల పిల్ల దాన్ని ఆచరిస్తే వ్యక్తిగతం, తీసివేయాలి. ఎవరి వ్యక్తిగతం సిద్ధాంతం అవుతుంది, ఎవరిది సొంత గోడు అవుతుంది? ఎవరి గీత అక్షరం, ఎవరి గీత ఉత్త బొగ్గు? యూనివర్సిటీల్లో ఉన్న మిత్రులు ఈ సంగతి ఆలోచించాలని నా కోరిక.

తెలుగులో ఈ 'ఆధారం' అన్న మాట చిత్రమైంది. పరిశోధనలో ఆధారం అంటే రుజువు. ఇళ్లలో ఆడపిల్ల గురించి మాట్లాడేటప్పుడు ఆధారం అంటే మొగుడు. "పిల్లకో ఆధారం చూపించండి" అంటారు చుట్టాలు. ఒక అర్థంలో అది మనం అడగాల్సింది, ఇంకో అర్థంలో మనకి తగిలించేది. ఇరవై ఏళ్ల పిల్లకి రెండో అర్థమే పుట్టినప్పటి నుంచీ వినిపిస్తుంది. మొదటి అర్థం వినిపించడానికి చదువు కావాలి. సాహిత్య వ్యాసం రాయడం వల్ల ఆ పిల్లకి ఏమొచ్చిందని నన్నెవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. గొప్పవాళ్లు అన్నారు కాబట్టి నిజం అనుకోకుండా, మూడో గడి గీసుకుని చూసే అలవాటొచ్చింది.

వేసవిలో సంబంధం ఒకటి వచ్చింది. కాయ కోతల మధ్యలోనే పెళ్లిచూపులు. అబ్బాయికి హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగం, నెలకి నలభై వేలు అన్నారు మధ్యవర్తులు. అందరూ సంబరపడుతుంటే వాళ్లమ్మ ఒక్కతే, "కాయితం ఏదన్నా ఉంటే చూపియ్యండి" అందట. "ఏంటమ్మా, మామీద నమ్మకం లేదా?" అని వాళ్లు నొచ్చుకున్నారు. "నమ్మకం ఉందండి. కాయితం కూడా ఉంటే బాగుంటది కదా" అందట ఆమె. కాయితం రాలేదు, వాళ్లూ మళ్లీ రాలేదు. ఈ సంగతి నాకు ఫోన్లో చెబుతూ ఆ అమ్మాయి ఎంత నవ్విందో! నవ్వి, "మా నాన్న ఇంకా అలిగే ఉన్నాడు మేడమ్" అంది. కథ సుఖాంతం కాలేదు. ఇంకో సంబంధం వస్తుంది, ఇంకో మధ్యవర్తి వస్తాడు. ఈసారి కాయితం చూపించేవాళ్లే రావచ్చు. అప్పుడేం చెయ్యాలన్నది ఏ వ్యాసంలోనూ దొరకదు.

ప్రస్తుతం తను ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఉంది. హాస్టల్ ఫీజు వాళ్లమ్మ సీజను డబ్బుల్లోంచి కట్టింది. 'హిందూసుందరి' చదివిన ఆడవాళ్ల గురించి పని చెయ్యాలనుకుంటోంది. రాసినవాళ్ల పేర్లు పత్రికలో ఉంటాయి. ఎవరో చదివి వినిపిస్తే పక్కన కూర్చుని విన్నవాళ్ల పేర్లు ఎక్కడుంటాయి, వాళ్లకి ఆధారం ఎక్కడ వెతకాలి అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ముందు మీ ఊళ్లో ముసలివాళ్లని అడగడంతో మొదలుపెట్టమన్నాను. ఈ సీజను నుంచి వాళ్లమ్మ గోడతో పాటు నోటుబుక్కు కూడా పెట్టింది. రోజూ సాయంత్రం పన్నెండుమందీ అందులో వేలిముద్రో సంతకమో పెడుతున్నారట.